హమ్మింగ్‌బర్డ్ గారికి కోనసీమ ఆహ్వానం

గోదావరి పాయ ఒడ్డున కొత్తగా వెలిసిన ఓ రిసార్టులో ఎర్రటి ప్లాస్టిక్ బుడ్డి వేలాడుతోంది. హమ్మింగ్‌బర్డ్ ఫీడరట, ఆన్‌లైన్‌లో తెప్పించారు. ఆ పిట్ట అమెరికా ఖండాల్లో తప్ప ఇంకెక్కడా ఉండదు కదండీ అంటే ఓనరు గారు తొణక్కుండా, "డల్లాస్‌లో మా అల్లుడు గారింటికి రోజూ వస్తాయండీ, ఇక్కడికి రావడానికేం?" అన్నారు. నిజమే, అల్లుడే ఏటా వస్తుంటే పిట్టకేం రోగం.

న్యాయంగా ఆయన తరఫున ఒక ముక్క చెప్పాలి. 3 కోట్ల ఏళ్లు దాటిన హమ్మింగ్‌బర్డ్ శిలాజాలు జర్మనీలో దొరికాయని 2004లో ప్రకటించారు. అంటే సముద్రానికి ఇవతల కూడా ఆ పిట్ట ఒకప్పుడు ఉండేది. బుడ్డి కట్టడం కాస్త ఆలస్యమైందంతే.

ఆ బుడ్డికి జరిగే సేవ మాత్రం చూసి తీరాలి. పొద్దున్నే కుర్రాడు పంచదార నీళ్లు పోస్తాడు. కాసేపటికి చీమలు బారు కడితే తీగకి ఆముదం రాస్తారు, ఆ తర్వాత కందిరీగలు దిగితే దోమల బ్యాటు పట్టుకుని ఇంకో కుర్రాడు కాపలా, ఎండెక్కేసరికి నీళ్లు పులిసిపోతే ఒలకబోసి మళ్లీ మొదలు. గెస్టులు ఫోన్లు పైకెత్తి టెన్షన్‌గా నిలబడి ఉంటారు. ఓసారి ఉడత వస్తే దాన్నీ వీడియో తీశారు.

అదే టైములో వెనకపక్క తోటమాలి కత్తెరేసుకుని రేక మందారం కంచె కొట్టేస్తున్నాడు, పూలు రాలి లాన్ పాడవుతోందని. నల్లగా నిగనిగలాడే తేనెపిట్ట ఒకటి ఆ మోళ్ల మీద ఇటూ అటూ గెంతుతోంది. దాన్నెవరూ వీడియో తియ్యలేదు, పాపం లోకల్ కదా.

హమ్మింగ్‌బర్డ్ గాల్లో నిలబడి తాగుతుంది, దాని పూలకి పక్కన కొమ్మ లేకపోయినా చెల్లుతుంది. మన తేనెపిట్ట ఎక్కువగా కూర్చుని తాగే రకం, అందుకే దాన్ని నమ్ముకున్న మన పూలకి దగ్గర్లో కాలు మోపే చోటుంటుంది. పిట్టకి వాసనతో పెద్దగా పని లేదు కాబట్టి ఇలాంటి పూలు చాలావరకు ఎర్రగా, వాసన లేకుండా, తేనె మాత్రం దండిగా ఉంటాయి. ముక్కు వంకరా పూగొట్టం లోతూ లక్షల ఏళ్లుగా ఒకదాన్నొకటి తీర్చిదిద్దుకుంటూ వచ్చాయి. మోసాలూ ఉన్నాయి లెండి, ముక్కు అందకపోతే పువ్వు అడుగున కన్నం పెట్టి పుప్పొడి అంటకుండా తాగిపోయే దొంగపిట్టలూ ఉన్నాయి.

కోరింగ మడ అడవిలో బ్రుగీరా అని ఓ చెట్టుంది. ఎర్రటి తొడిమతో పువ్వు కిందికి వేలాడుతుంది. ఒక్కో రేకు పుప్పొడి ఉండే కేసరాల్ని రెండేసి బిగించి పట్టుకుని ఉంటుంది. తేనెపిట్ట ముక్కు పెట్టగానే రేకు టప్పున విచ్చుకుని పుప్పొడి దాని మొహాన కొడుతుంది. ఇంత ఏర్పాటూ ఆ పిట్ట కోసమే.

ఇలాంటి మడల్ని నరికి రొయ్యల చెరువులు తవ్వారండీ ఈ డెల్టాలో! 1996 నవంబరు తుపాను ఏం చేసిందో కళ్లారా చూసిన నేల మీద, కెరటానికి అడ్డం నిలిచే చెట్టుని ఎకరాలకి ఎకరాలు పడగొట్టారు, సిగ్గు లేకుండా. రొయ్యలకి తెల్లమచ్చ వైరస్ తగిలితే చెరువు వదిలేసి ఇంకో చోటికి పోతారు. బ్రుగీరా గింజ చెట్టు మీదే మొలకెత్తి, రాలాక పోటునీళ్ల మీద తేలుకుంటూ వచ్చి నాటుకుంటుంది. పోటు రాకుండా గట్టేసి పోయారు కదా, ఇక ఆ మొలక లోపలికి ఎలా వస్తుంది?