హన్మకొండలో అజ్ఞాతవాసం

మా నక్కలగుట్టలో ఒక తమ్ముడు కొద్దిరోజులుగా పూర్తి అజ్ఞాతంలో ఉన్నాడు. ఈ సంగతి కాలనీ అంతటికీ తెలుసు.

ఆయన పట్టిన ఆయుధం టార్, అంటే నెట్‌లో మనమెవరమో, ఎక్కడున్నామో దాచే సాఫ్ట్‌వేర్. అల్లాటప్పా సరుకు కాదు. దాని వెనకున్న ఆలోచన 1990లలో అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో పుట్టింది, 2002లో టార్‌గా జనం ముందుకొచ్చింది. మనం పంపేదానికి మూడు పొరల తాళాలు వేసి, వాలంటీర్లు నడిపే మూడు కంప్యూటర్ల మీదుగా దాటిస్తుంది. మొదటిదానికి పంపేదెవరో తెలుసు, ఎక్కడికో తెలీదు. చివరిదానికి ఎక్కడికో తెలుసు, ఎవరో తెలీదు. నడిమిదానికి రెండూ తెలీవు. ఎవరికీ ఏమీ తెలియకుండా ఫైలు కదిలే ఈ పద్ధతి మన సర్కారు ఆఫీసుల సొంతమనుకున్నాం, పాపం.

తమ్ముడు టార్ బ్రౌజర్ దించుకుని కనెక్ట్ నొక్కాడు. తాను జర్మనీలో ఉన్నట్టు కనబడగానే సొంత పేరు, సొంత ఫొటో ఉన్న ఫేస్‌బుక్‌లోకి లాగిన్ అయ్యాడు. జర్మనీలో కూర్చుని మేడారం జాతర ఫొటోలకు లైకులు కొడుతున్న మనిషెవరో ఇక సీఐఏ కూడా కనిపెట్టలేదు.

దేశదేశాలు తిరిగి రావాలి కాబట్టి నెట్ నెమ్మదించింది. వెంటనే కేబుల్ అన్నకు ఫోన్: "అన్నా, టార్ పెట్టిన, స్పీడ్ వస్తలేదు, జర చూడు." టార్ వాడుతున్న సంగతి నెట్ ఇచ్చేవాళ్లకు కనపడకుండా బ్రిడ్జ్ అనే ఏర్పాటు అందులోనే ఉంది. ఫోన్ చేసి మరీ చెబితే అదేం చేస్తుంది?

"నేను అజ్ఞాతంలకు పోయిన్రా" అని దోస్తుతో అంటుంటే విని వాళ్లమ్మ చేతిలో గిన్నె జారవిడిచింది. ఈ జిల్లాల్లో ఒక తరానికి ఆ మాట వింటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. ఆమె ఏడుపు ఆపడానికి వచ్చిన ఇరుగుపొరుగు మిగతా కాలనీకి కబురు చేరవేశారు.

ఇప్పుడాయన సేవామార్గం పట్టాడు. ఆ దాటించే కంప్యూటర్లలో ఒకటి, అదే రిలే, సొంతంగా నడుపుతాడట, అదీ చివరిదైన ఎగ్జిట్. అంటే ఎవడో ఎక్కడో చేసే వెధవ పని మన ఇంటి ఐపీ (నెట్ చిరునామా) మీద తేలుతుంది, పోలీసులు తట్టేది మన తలుపే. ఇంట్లోంచి ఎగ్జిట్ నడపొద్దని టార్ వాళ్లే మొత్తుకుంటారు. అయినా పాత డెస్క్‌టాప్‌లో ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి, బయటివాళ్లు లోపలికొచ్చే ద్వారంగా సెట్టింగుల ఫైల్లో పోర్ట్ 9001 రాసుకున్నాడు. రిలేకు పేరు పెట్టమంటే ఇంటిపేరు, పుట్టిన సంవత్సరం కలిపి పెట్టాడు. కాంటాక్ట్ దగ్గర సెల్ నంబర్. ఆ జాబితా లోకమంతా చూడొచ్చు.

అదృష్టం బాగుంది. ఒకే పబ్లిక్ ఐపీని ఎన్నో ఇళ్లకు పంచిన కనెక్షన్ కావడంతో బయటినుంచి ఒక్కరూ లోపలికి రాలేకపోయారు. పైగా కోతులు ఫైబర్ వైరు పట్టుకుని ఊగాయి.

ఇలాంటి కనెక్షన్ మీద కూడా టార్ వాళ్లదే స్నోఫ్లేక్ అనే ఏర్పాటు నడుస్తుంది. బ్రౌజర్‌లో చిన్న ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే చాలు, సెన్సార్‌లో చిక్కిన ఎవరికో దారి దొరుకుతుంది. చెప్పి చూశాం. తమ్ముడికి నచ్చలేదు. అందులో తన పేరు ఎక్కడా కనపడదట!