విదేశాల్లో "రూపాయల్లోనే కట్టండి" అనే మెసేజ్‌ను నమ్మకండి

సెలవులు దగ్గరపడితే చాలు, బరంపురం నుంచి పర్లాకిమిడి దాకా మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మెసేజ్. "ఫారిన్ టూర్‌కి డబ్బు మార్చుకునే పనే లేదు. యూపీఐ అన్ని దేశాల్లో నడుస్తుంది. కార్డు గీస్తే రూపాయల్లో కట్టండి, చార్జీలుండవు. క్యాష్ కావాలంటే ఎయిర్‌పోర్టులో కమిషన్ లేకుండా ఇస్తారు." భువనేశ్వర్ నుంచో విశాఖ నుంచో మొదటిసారి విదేశం వెళ్ళే పెద్దవాళ్ళు కూడా దీన్ని నమ్మేస్తున్నారు, నా బాధ అదే.

"యూపీఐ అన్ని దేశాల్లో." కాదు. భూటాన్, నేపాల్, శ్రీలంక, మారిషస్, సింగపూర్, యూఏఈ, ఫ్రాన్స్ లాంటి కొన్ని దేశాల్లోనే ఉంది, అక్కడైనా అన్ని షాపుల్లో ఉండదు. మన బరంపురం బడాబజార్‌లో కూరగాయలకు స్కాన్ చేసినట్టు ఎక్కడపడితే అక్కడ చేయలేం. పైగా యాప్‌లో ఇంటర్నేషనల్ పేమెంట్స్ విడిగా ఆన్ చేసుకోవాలి.

"రూపాయల్లో కట్టండి." అసలు నష్టం ఇక్కడే. బ్యాంకాక్ హోటల్లో కార్డు పెట్టగానే మెషీన్ బాట్‌లలోనా (థాయ్‌లాండ్ కరెన్సీ), రూపాయల్లోనా అని అడుగుతుంది. రూపాయలు కనిపిస్తే మనకు ధైర్యంగా ఉంటుంది, కానీ అది నొక్కితే మారకం రేటు పెట్టేది మీ బ్యాంకు కాదు, ఆ మెషీన్ వెనక ఉన్న కంపెనీ. 2,000 బాట్ల బిల్లుకి కార్డు లెక్కలో బాట్ 2.70 రూపాయలైతే 5,400 అవుతుంది, అక్కడ 2.85 వేశారనుకోండి, 5,700. పైగా రూపాయల్లో కట్టినా విదేశీ లావాదేవీయే కదా అని కొన్ని బ్యాంకులు మళ్ళీ చార్జీ వేస్తాయి. కాబట్టి ఎప్పుడూ ఆ దేశపు కరెన్సీయే నొక్కండి. ఏటీఎం కూడా ఇలాగే అడుగుతుంది, "వితౌట్ కన్వర్షన్" (రూపాయల్లోకి మార్చకుండా) నొక్కినా డబ్బు వస్తుంది, భయపడక్కర్లేదు.

అలా కడితే ఖర్చే ఉండదా అంటే ఉంటుంది. చాలా కార్డులకు 3.5 శాతం దాకా మార్కప్, అంటే విదేశీ ఖర్చు మీద బ్యాంకు అదనంగా వేసే చార్జీ, దాని మీద 18 శాతం జీఎస్టీ. లక్ష ఖర్చు పెడితే 4,130 రూపాయలు. మార్కప్ తక్కువున్న కార్డులూ ఉన్నాయి, వెళ్ళేముందే బ్యాంకులో అడగండి. క్రెడిట్ కార్డుతో మాత్రం ఏటీఎంలో తీయకండి, ఆ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. థాయ్‌లాండ్ ఏటీఎంలు విదేశీ కార్డు మీద ప్రతిసారీ 220 బాట్ల దాకా, కొన్ని అంతకన్నా ఎక్కువే తీసుకుంటాయి. కొద్దికొద్దిగా పదిసార్లు తీస్తే ఎంత పోతుందో చూసుకోండి.

"ఎయిర్‌పోర్టులో కమిషన్ లేదు." కమిషన్ అని బోర్డు మీద రాయరు, రేటులో కలిపేస్తారు. "ఇంత ఇస్తే నా చేతికి ఎన్ని బాట్లు?" అని ఊళ్ళోనే బ్యాంకులోనో, ఆర్‌బీఐ అనుమతి ఉన్న డీలర్ దగ్గరో అడిగి పోల్చుకోండి, రసీదు తప్పకుండా తీసుకోండి.

మెసేజ్‌లో అసలు చెప్పని సంగతి ఇంకొకటి. 2020లో వచ్చిన ఆర్‌బీఐ నిబంధన ప్రకారం కొత్త కార్డులు మన దేశంలో వాడకానికే ఆన్ అయి వస్తాయి. విదేశీ వాడకం ఇంటి దగ్గరే ఆన్ చేసి, లిమిట్ పెట్టుకోండి. అక్కడికెళ్ళాక చేద్దామంటే ఓటీపీకి మన సిమ్ పనిచేయాలి, రోమింగ్ లేకపోతే అది రాదు.