బానెట్‌కు బీడింగ్ అతికిస్తే పది హార్స్‌పవర్ పెరుగుతుందా?

ఎండలు ముదిరితే చాలు, కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల కారు యజమానుల ఫోన్లలో ఒక సలహా తిరుగుతుంది. కంపెనీ ఇచ్చిన ఎయిర్ ఫిల్టర్ డబ్బా ఇంజిన్ వేడినే పీలుస్తుందట; దాన్ని తీసేసి కోన్ ఫిల్టర్ (డబ్బా లేకుండా బయటికే ఉండే శంకువు ఆకారపు ఫిల్టర్) బిగించి, చుట్టూ అల్యూమినియం రేకుతో పెట్టె కట్టి, పైఅంచుకు రబ్బరు బీడింగ్ (సందు మూసే పట్టీ) వేసి బానెట్‌కు ఆనేలా మూసేస్తే పది హార్స్‌పవర్, మంచి మైలేజీ వస్తాయట, దుమ్ము రాదట. వేడిగాలిని అడ్డుకోవాలన్న ఆలోచనలో తప్పు లేదు. దాని చుట్టూ అల్లిన మాటల్లోనే ఉంది.

మొదటి మాటే నిలబడదు. ఇప్పటి కార్లలో చాలావాటికి, ఫిల్టర్ డబ్బా నుంచి బయలుదేరే ప్లాస్టిక్ గొట్టాన్ని వేలితో తడుముతూ వెళితే, అది గ్రిల్ వెనకో హెడ్‌లైటు పక్కనో తేలుతుంది. అంటే బయటి గాలి అందే ఏర్పాటు ముందే ఉంది. దాన్ని పీకి, కోన్ ఫిల్టర్‌ను ఇంజిన్ పక్కన నిలబెట్టాకే వేడిగాలి సమస్య పుడుతుంది. పెట్టె, బీడింగ్ మనం తెచ్చిపెట్టుకున్న ఆ సమస్యకే మందు.

ఇక పది హార్స్‌పవర్ సంగతి. గాలి చల్లబడితే చిక్కబడుతుంది, ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి పోతుంది, శక్తి ఆ మేరకే పెరుగుతుంది. కాబట్టి 80 హార్స్‌పవర్ కారుకు మరో పది రావాలంటే గాలి సాంద్రత దాదాపు 12 శాతం పెరగాలి. మే నెల మధ్యాహ్నం కర్నూలులో బయట 45 డిగ్రీలు ఉందనుకుందాం. ఆ గాలి నేరుగా అందితే అంత తేడా రావాలంటే, కంపెనీ డబ్బా అంతవరకూ సుమారు 85 డిగ్రీల గాలిని పీలుస్తూ ఉండాలి. రోడ్డు మీద పరుగెడుతున్న కారులో అది జరిగే పని కాదు. టర్బో డీజిల్ బండ్లలోనైతే, గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి పంపే టర్బో ఎలాగూ దాన్ని కాగబెడుతుంది, ఆ తర్వాత ఇంటర్‌కూలర్ చల్లబరుస్తుంది కనుక, ముందు దక్కిన నాలుగు డిగ్రీల లాభంలో చివరికి మిగిలేది ఇంకా తక్కువ.

మైలేజీ మాట ఒక వాక్యంలో తేలిపోతుంది: మామూలు వేగంలో పెట్రోల్ ఇంజిన్‌కు అందే గాలిని థ్రాటిలే (గాలి దారిలో తెరుచుకొని మూసుకునే రేకు) కట్టడి చేస్తుంది కాబట్టి, చల్లని గాలి వస్తే అది ఇంకాస్త మూసుకుంటుంది తప్ప పెట్రోల్ ఆదా కాదు.

సందు లేకుండా మూస్తే చాలన్నది అన్నిటికంటే చేటు చేసే మాట. 1200 సీసీ ఇంజిన్ 6000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు దాదాపు 60 లీటర్ల గాలి లాగుతుంది. ముందువైపు నుంచి పెట్టెలోకి తగినంత వెడల్పైన గొట్టం వేయకుండా పైభాగం బిగించేస్తే ఇంజిన్‌కు ఊపిరాడదు. గొట్టం మూతి మరీ కిందికి దిగితే, వానకు నిండిన రైల్వే అండర్‌బ్రిడ్జిలో నీళ్లు తాగి ఇంజిన్ పట్టేస్తుంది.

ఇంత చెప్పినా కోన్ ఫిల్టర్ తీయనివారికి బీడింగ్ అవసరమే. అయితే బానెట్ లోపలివైపు చదునుగా ఉండదు. గట్ల దగ్గర ఆనుకున్న రబ్బరు పల్లాల దగ్గర సందు వదులుతుంది. పెట్టె అంచు మీద జానెడు దూరానికొకటిగా పిల్లలు ఆడుకునే బంకమట్టి ఉండలు పెట్టి, బానెట్ మూసి తెరిస్తే, అవి అణిగిన మందమే అక్కడి సందు. పల్లాల దగ్గర రేకు అంచును ఆ మేరకు పెంచి, సందు కంటే కాస్త మందమైన, లోపల బోలుగా ఉన్న మెత్తటి డోర్ బీడింగ్ వేయాలి. గట్టి రబ్బరు వేస్తే బానెట్ లాక్ సగమే పడుతుంది, జాతీయ రహదారి 44 మీద వేగంలో బానెట్ లేచి అద్దాన్ని కప్పేసే ప్రమాదం ఉంది. గాలి గొట్టపు అతుకులకు మామూలు సిలికాన్ పూయడమూ మంచిది కాదు. అది ఆరేటప్పుడు వచ్చే ఆవిరి, పొగగొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సర్‌ను పాడుచేయగలదు.

దుమ్ము విషయానికి వస్తే, తాడిపత్రి, బేతంచెర్ల నాపరాళ్ల ఫ్యాక్టరీల దగ్గర గాలిలో తేలే తెల్లటి పొడి బయటి గాలితోపాటే ఫిల్టర్ దాకా వస్తుంది. బానెట్ దగ్గరి బీడింగ్ దాన్ని వడకట్టలేదు. ఆపవలసింది ఫిల్టరు, దాని తర్వాత ఇంజిన్ దాకా ఉన్న గొట్టపు అతుకులు. క్లిప్పు వదులైన ఒక్క అతుకు చాలు, వడపోత లేని దుమ్ము సిలిండర్లోకి పోవడానికి. దుమ్ము పట్టుకోవడానికి కోన్ ఫిల్టర్‌కు రాసే నూనె ఎక్కువైతే అది గాలిని కొలిచే సెన్సర్ తీగకు అంటుకొని లెక్క తప్పిస్తుంది. కంపెనీ డబ్బాలోని పొడి కాగితపు ఫిల్టర్‌తో ఆ బెడద లేదు.