మాటల్లేకపోతే సంగీతం కాదా? ఒక ఫార్వర్డుకు జవాబు

తిరుపతిలో సంగీతం మీద ఇష్టమున్నవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో కొన్నాళ్లుగా ఒక మెసేజ్ తిరుగుతోంది. చిత్తూరు నుంచి మా బంధువులు కూడా అదే పంపించారు. అందులో ఉన్నది ఇది: రాక్ గిటారిస్టులు చేసే మాటల్లేని ఆల్బమ్‌లు సంగీతమే కాదు. సాహిత్యం లేదు కాబట్టి భావం లేదు. ఉన్నదంతా వేగమే, ఆ వేగం కూడా వేళ్లది కాదు, మెషిన్లది. మన సంగీతానికీ దానికీ ఎక్కడా పొంతన లేదు. అందుకే వాటిని ఎవరూ వినరు, తెలుసుకోవాలంటే 30 సెకన్ల క్లిప్ చాలు. కింద క్లిప్ కూడా జత చేశారు. అమెరికన్ గిటారిస్టు జో సాట్రియానీ రెండు చేతుల వేళ్లతో ఫ్రెట్ల (గిటార్ మెడ మీది మెట్లు) మీద తడుతున్న ముక్క అది.

నా దగ్గర గిటార్ నేర్చుకునే పిల్లలు ఈ మెసేజ్ తెచ్చి చూపిస్తున్నారు. ఇంట్లో పెద్దవాళ్లు దీన్ని చదివి క్లాసు మానిపిస్తామన్నారని ఒక అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. అందుకని ఒక్కో మాటకూ జవాబు చెప్పదలిచాను. గాల్లో వాదించకుండా, క్లిప్‌లో ఉన్న మనిషి ఆల్బమ్‌నే మొదటి నుంచి చివరి దాకా విని చెబుతాను. ఆ ముక్క ఉన్న ఆల్బమ్ 1987లో వచ్చిన 'సర్ఫింగ్ విత్ ది ఏలియన్'. మొత్తం పది ట్రాకులు, నిడివి 38 నిమిషాల లోపే. కింద కొండ బస్సెక్కి పెట్టుకుంటే తిరుమల బస్టాండులో దిగేలోపు అయిపోతుంది.

ముందు సాహిత్యం సంగతి. మాట లేకపోతే భావం లేదనే మాట ఇంకెక్కడైనా అంటే సరే, తిరుపతిలో ఎలా అంటారు? గోవిందరాజస్వామి గుడి ముందు ఉత్సవం కదిలేటప్పుడు ముందు నడిచేది నాదస్వరం, డోలు. నాదస్వరానికి మాట ఎక్కడుంది? వాయించేది కీర్తన, దాని సాహిత్యం మనకు ముందే తెలుసు కదా అంటారు కొందరు. నిజమే, కీర్తన వరకు ఆ మాట ఒప్పుకుంటాను. కానీ కీర్తన ఎత్తుకునే ముందు విద్వాంసుడు తోడి ఆలాపన అందుకుంటాడు చూడండి, అందులో తెలిసిన మాట ఒక్కటీ లేదు. అయినా నడిచే జనం ఆగిపోతారు. కచేరీలో తని ఆవర్తనం, అంటే తాళవాద్యాలు మాత్రమే వాయించే వంతు, వచ్చినప్పుడు మృదంగం ఏ పదం పలుకుతోందని ఎవరూ అడగరు. మాటలు లేకుండా వినడం మనకు కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు.

ఆల్బమ్‌లో నాలుగో ట్రాకు 'ఆల్వేస్ విత్ మీ, ఆల్వేస్ విత్ యూ'. సాట్రియానీ తన భార్య రుబీనా కోసం కట్టిన బాణీ ఇది. అడుగున ఒక గిటార్ ఒక్కో తీగ మీటుతూ ఒకే నడకలో సాగుతుంటే, పైన ఇంకో గిటార్ నిదానంగా పాడుతుంది. ఒకసారి వింటే పిల్లలు కూడా కూనిరాగం తీయగలరు. మొదట్లో అది బి మేజర్. మధ్యలో బి మైనర్ అవుతుంది. అంటే ఆధార షడ్జమం (స) ఉన్నచోటే ఉంటుంది, పైన గాంధారం (గ) కిందికి దిగుతుంది. మన లెక్కలో శంకరాభరణం మెట్లలోంచి నటభైరవి మెట్ల వైపు మళ్లినట్టు. శ్రుతి కదపకుండా దాని మీద మేళాలు (స్వరాల వరుసలు) మార్చే ఈ పద్ధతిని సాట్రియానీ 'పిచ్ యాక్సిస్' అంటాడు.

మా వీధిలో రిటైరైన వయొలిన్ మాస్టారు ఒకరున్నారు. ఎవరిదో, ఏ దేశానిదో చెప్పకుండా ఈ ట్రాకు ఆయనకు వినిపించాను. కళ్లు మూసుకుని తొడ మీద తాళం వేసుకుంటూ విన్నారు. మైనర్ మలుపు రాగానే ఆ చెయ్యి ఆగింది. "ఆగు నాయనా! ఆడ గాంధారం దిగిపాయ గదా. షడ్జమం మాత్రం కదల్లేదు. ఇంకోసారి పెట్టు," అన్నారు. మళ్లీ పెట్టాను. "మొదటి గాంధారానికి తిరిగి వచ్చినాడు సూడు, అప్పుడుగానీ నాకు ప్రాణం కుదుటపడలా," అన్నారు. ఆయనకు ఏ మాటా అవసరం రాలేదు. ఒక్క స్వరం దిగితే దిగులు పడ్డారు, అది తిరిగి వస్తే ఊరట పడ్డారు. భావం లేని చోట ఇది జరగదు.

ఇక వేగం. ఇందులో కొంత నిజం ఉంది, దాచను. మూడో ట్రాకు 'క్రషింగ్ డే' నాకు అంతగా పట్టదు. సోలో ఎంత శుభ్రంగా ఉన్నా, పరిగెత్తడం కోసమే పరిగెత్తినట్టు అనిపిస్తుంది. గంటల తరబడి ఇలాంటి పరుగే వాయించే గిటారిస్టులూ ఉన్నారు. కానీ మెసేజ్ పంపినవాళ్లు ఎంచుకున్న క్లిప్ ఆ ట్రాకులోది కాదు. అది ఐదో ట్రాకు 'సాచ్ బూగీ' మధ్యలోది. ఆ ట్రాకు పాత బూగీ ఊపుతో, కాళ్లు ఆడించే నడకతో మొదలవుతుంది. పల్లవి లాంటి బాణీ ఒకటి స్థిరపడ్డాక ఉన్నట్టుండి ఆ ఊపు తప్పుకుంటుంది. అప్పుడు ఒకే తీగ మీద, అడుగున ఎ స్వరాన్ని వదలకుండా పట్టుకుని, రెండు చేతులతో తడుతూ ఒక్కో స్వరస్థానాన్నీ మారుస్తూ పోతాడు. అది ముగిసి మొదటి బాణీ మళ్లీ దూకినప్పుడు వచ్చే ఊపే ఆ ముక్కకు ఫలితం. ముందూ వెనకా కత్తిరించి మధ్యది మాత్రమే చూపిస్తే ఎవరికైనా వేళ్ల గారడీగానే కనిపిస్తుంది. స్వరకల్పనలో చివరి కోర్వై (లెక్క కట్టి ముగించే స్వరాల అల్లిక) ఒక్కటే కోసి వినిపించి, కర్ణాటక సంగీతమంటే లెక్కలే అని తేల్చేస్తే మనం ఊరుకుంటామా?

దానికంటే ముఖ్యమైనది తొమ్మిదో ట్రాకు. పేరు 'మిడ్‌నైట్', రెండు నిమిషాలు కూడా లేదు. క్లిప్‌లో చూసిన రెండు చేతుల ట్యాపింగే ఇందులోనూ మొదటి నుంచి చివరి దాకా ఉంది. కానీ ఇక్కడ ఆర్భాటం లేదు. ఒక చెయ్యి అడుగు స్వరాలు, ఇంకో చెయ్యి పై స్వరాలు పట్టుకుని, వీణ దగ్గర కూర్చుని వినాల్సినంత మెత్తగా వాయిస్తాడు. అదే మనిషి, అదే విద్య. వేగం చూపించడమే అతని ఉద్దేశమైతే ఈ ట్రాకు ఆల్బమ్‌లో ఉండనే ఉండదు. రెండో వైపు మొదట్లో వచ్చే 'హిల్ ఆఫ్ ది స్కల్' కూడా అంతే, భారంగా, నెమ్మదిగా నడిచే చిన్న ముక్క.

అతని చదువు కూడా వేగం చదువు కాదు. 1974లో సాట్రియానీ లెనీ ట్రిస్టానో అనే జాజ్ పియానిస్టు దగ్గర పాఠాలు నేర్చుకున్నాడు. ట్రిస్టానో పద్ధతిలో గొప్పవాళ్ల సోలోలను ముందు గొంతుతో పాడాలి. పాడటం వచ్చాకే వాద్యం. మన గురువులు చెప్పేదీ ఇదే: నోట పలకనిది వేలికి రాదు. సాట్రియానీ తనే గురువు కూడా. పేరున్న గిటారిస్టు స్టీవ్ వాయ్, మెటాలికా అనే రాక్ బ్యాండు గిటారిస్టు కర్క్ హ్యామెట్ అతని దగ్గర నేర్చుకున్నవాళ్లే.

మెషిన్ల సంగతికి వద్దాం. ఈ ఆల్బమ్‌లో డ్రమ్ ప్రోగ్రామింగ్ ఉంది. దాన్ని ఎవరూ దాచలేదు, వివరాల్లో అచ్చువేశారు. గిటార్ మాత్రం వేళ్లదే. డిస్టార్షన్ (గిటార్ శబ్దాన్ని గరగరలాడించే ఎఫెక్ట్) పెడితే అంతా అదే వాయించేస్తుందనుకునేవాళ్లు ఒక్కసారి ఆంప్లిఫయర్ గెయిన్ పూర్తిగా పెంచి తీగ ముట్టుకుని చూడాలి. సిగ్నల్ పరిమితి దాటి చదునవుతుంది, అందుకే స్వరం ఎక్కువసేపు నిలుస్తుంది, గొంతులా సాగుతుంది. ఆ లాభంతోపాటే నష్టమూ వస్తుంది. పక్క తీగకు చిటికెన వేలు తగిలినా అది గట్టిగా మోగుతుంది. అందుకని మోగాల్సిన ఒక్క తీగ తప్ప మిగతా ఐదింటినీ కుడి అరచేతి అంచుతో, ఎడమ చూపుడు వేలి పక్కతో నొక్కి పట్టాలి. నా దగ్గరికి వచ్చే పిల్లలకు స్వరాలు వాయించడం ముందే వస్తుంది, మిగతా తీగలను నిశ్శబ్దంగా ఉంచడం చాలా ఆలస్యంగా వస్తుంది. ఆల్బమ్ మొదటి ట్రాకులో గిటార్ నోరు తెరిచి మూసినట్టు వినిపించేది వా పెడల్ వల్ల. దాన్ని కాలితో ఎంత మేరకు తొక్కి ఎక్కడ ఆపాలో చెవే చెప్పాలి. పెడల్‌కు ఏ స్వరం వాయించాలో తెలియదు.

మన సంగీతానికి పొంతన లేదన్నది నన్ను ఎక్కువ బాధపెట్టింది. వయొలిన్ ఎక్కడిది? ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు యూరప్ వాద్యాన్ని నేర్చుకుని మన కచేరీకి తెచ్చాడు. ఈరోజు అది లేకుండా గాత్ర కచేరీ ఊహించలేం. పాలకొల్లు పిల్లవాడు యు. శ్రీనివాస్ మాండలిన్ పట్టుకుని 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో కూర్చున్నాడు. కరెంటుతో పలికే మాండలిన్ మీద గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) పలకదని అన్నవాళ్లూ ఉన్నారు. ఆయన పలికించి చూపించాడు.

సాట్రియానీ వైపు నుంచి చూసినా దారి ఉంది. 1989లో వచ్చిన 'ఫ్లైయింగ్ ఇన్ ఎ బ్లూ డ్రీమ్' టైటిల్ ట్రాకు లిడియన్ మోడ్ అనే స్వరాల వరుసలో ఉంది. అందులో మధ్యమం (మ) ప్రతిమధ్యమం, అంటే ఒక మెట్టు పైది, మిగతా మెట్లు మన మేచకల్యాణివి. 'నిధి చాల సుఖమా' పాడుకున్న చెవికి ఆ మధ్యమం ఇట్టే దొరుకుతుంది. అంతమాత్రాన సాట్రియానీ కల్యాణి వాయించాడని నేను అనను. మెట్లు ఒకటైనంత మాత్రాన రాగం కాదు, ప్రయోగాలు వేరు, గమకం వేరు. నేననేది ఒకటే: మన చెవికి ఈ సంగీతంలోకి వెళ్లడానికి తలుపు ఉంది, అది తెరిచే ఉంది. తీగను పక్కకు లాగి స్వరాన్ని పైకి ఎక్కించే బెండింగ్ వింటే వీణ నేర్చుకున్న పిల్లలు పరాయిగా ముఖం పెట్టరు.

ఎవరూ వినరన్నదానికి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఒక్క గాయకుడు లేని ఈ ఆల్బమ్ అమెరికాలో బిల్‌బోర్డ్ ఆల్బమ్‌ల పట్టికలో 29వ స్థానం దాకా ఎక్కింది, ప్లాటినం కూడా అయింది. అంటే అక్కడ పది లక్షల కాపీలు.

ఇక క్లిప్ చాలన్న మాట. 'సాచ్ బూగీ' మొత్తం నిడివి సుమారు మూడుంపావు నిమిషాలు. మొదట అది పూర్తిగా వినండి, ఆ తర్వాత 'ఆల్వేస్ విత్ మీ, ఆల్వేస్ విత్ యూ', తర్వాత 'మిడ్‌నైట్'. మూడూ కలిపి తొమ్మిది నిమిషాలు కూడా కావు. ఫోన్ స్పీకర్లో కాకుండా ఇయర్‌ఫోన్స్‌లో వినండి, అడుగు గిటార్ వినిపించకపోతే సగం పోతుంది. పిల్లల క్లాసు మానిపించాలనుకుంటున్న తల్లిదండ్రులు ఎవరైనా సరే, సాయంత్రం ఆరు తర్వాత మా ఇంటికి రండి. ఆల్బమ్ మొత్తం కలిసి విందాం. మా వీధి వయొలిన్ మాస్టారిని కూడా పిలుస్తాను. విన్నాక కూడా ఇది సంగీతం కాదనిపిస్తే ఏ నిమిషంలో అలా అనిపించిందో చెప్పండి, ఆ చోటనే మళ్లీ పెట్టి మాట్లాడుకుందాం.