డిటైన్ అయిన కుర్రాడి పక్కన ఎవరుంటారు?

ఎక్కడన్నా ఒక స్టూడెంట్ ప్రాణం తీసుకున్నాడని వార్త వస్తే చాలు, టీవీ డిబేట్లలో, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట, ఈ కాలం పిల్లలకి తట్టుకునే శక్తి లేదండీ, మా రోజుల్లో మా నాన్న బెల్టు తీసినా మేం కిక్కురుమనలేదు అని. అంటే తట్టుకోవడం అనేది పిల్లాడు పుట్టుకతో తెచ్చుకునే సరుకు, కొందరికి ఉంటుంది, కొందరికి ఉండదు, అంతే అన్నమాట. నాకైతే ఇది పెద్దవాళ్లు చేతులు దులుపుకోడానికి బాగా పనికొచ్చే మాటలా కనిపిస్తుంది. 2022లో దేశం మొత్తం మీద 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని కేంద్ర ప్రభుత్వ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ లెక్క చెప్తోంది, ఇంతమందీ పుట్టుకతోనే బలహీనులా?

హవాయి దీవుల్లో కవాయ్ అని ఒకటుంది. అక్కడ 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమ్మీ వెర్నర్ అనే సైకాలజిస్టు, ఆవిడ టీమ్ కలిసి దశాబ్దాల పాటు గమనిస్తూ వచ్చారు. పేదరికం, తాగుబోతు తండ్రి, ఇంట్లో రోజూ గొడవలు, ఇలాంటి చోట పెరిగిన పిల్లల్లో కూడా దాదాపు మూడో వంతు మంది బానే నిలబడ్డారు. వాళ్ల స్వభావం కొంత పనిచేసింది, కాదనను, కానీ వాళ్లలో మళ్లీ మళ్లీ కనిపించిన విషయం ఇంకోటుంది, ఆ పిల్లాణ్ణి వదలకుండా పట్టుకున్న మనిషి కనీసం ఒక్కరైనా ఉండటం. అమ్మమ్మ కావచ్చు, టీచర్ కావచ్చు, పక్కింటావిడ కావచ్చు. అంటే తట్టుకునే శక్తి అనేది సగం పిల్లాడిలో ఉంటే సగం వాడి చుట్టూ ఉన్నవాళ్లలో ఉంటుంది.

మరి మన పిల్లల చుట్టూ మనుషులు లేరా అంటే, ఉన్నారు, కావాల్సినంత మంది ఉన్నారు. కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ఆదివారం సాయంత్రం చూడండి, వార్డెన్ ఫోన్ దగ్గర క్యూ, ఒక్కొక్కరికి కొన్ని నిమిషాలు, వెనకాల ఇంకొకడు తొందరపెడుతుంటాడు. అటునుంచి వచ్చే ప్రశ్నలు ముందే తెలుసు, తిన్నావా, వీకెండ్ టెస్టులో ఎన్నొచ్చాయి, సెక్షన్ మారిందా. ఇటునుంచి జవాబు కూడా ముందే తెలుసు, బానే ఉన్నా మమ్మీ. ఆ తల్లి ప్రేమలో లోటేం లేదు, ఫోన్ పెట్టేశాక రాత్రంతా ఆవిడకీ నిద్ర ఉండదు. కానీ ఆ పిల్లకి అర్థమైంది ఇంకోటి, మార్కులు చెప్తే మాట్లాడతారు, మార్కులు లేకపోతే సైలెన్స్.

సైకాలజీ వాళ్లు ఇక్కడే ఒక తేడా చూపిస్తారు. అందిన సాయం వేరు, అడిగితే అందుతుందన్న నమ్మకం వేరు, మనసు నిలబడటానికి ఎక్కువగా పనికొచ్చేది రెండోదే అని షెల్డన్ కోహెన్, థామస్ విల్స్ 1985లో రాసిన పేపర్ దగ్గర్నుంచి చాలా స్టడీలు చెప్తూ వస్తున్నాయి. ఫీజు కట్టడం, పచ్చళ్లు పంపడం, కొత్త ఫోన్ కొనివ్వడం, ఇవన్నీ అందిన సాయమే. "నేను ఫెయిలైనా వీళ్లు నా పక్కనే ఉంటారు" అన్నది నమ్మకం, దానికి రసీదు ఉండదు.

పైగా సాయం లెక్క చెప్పి చేస్తే అది అప్పయిపోతుంది. నియల్ బోల్గర్ అనే సైకాలజిస్టు టీమ్, లాయర్ లైసెన్స్ కోసం రాసే న్యూయార్క్ బార్ పరీక్షకి చదువుతున్న వాళ్లతో, వాళ్ల భాగస్వాములతో రోజూ విడివిడిగా డైరీలు రాయించి 2000లో ఒక స్టడీ వేసింది. అందులో తేలిందేంటంటే, చదివే మనిషి గుర్తించకుండా జరిగిపోయిన సాయం వాళ్లకి మేలు చేసింది, "నాకోసం ఇది చేస్తున్నారు" అని తెలిసిన సాయం కొన్నిసార్లు దిగులు పెంచింది. మనింట్లో ఏమవుతుంది? "అరెకరం అమ్మి నిన్ను చదివిస్తున్నాం రా" అని నెలకోసారి గుర్తుచేస్తాం. మోటివేషన్ అనుకుంటాం పాపం. వాడికి ఒక సబ్జెక్ట్ పోయిన రోజు మొదట గుర్తొచ్చేది ఆ అరెకరమే.

ఇంటి సంగతి అలా ఉంటే కాలేజీ రూల్స్ ఇంకో రకం. ఇంజనీరింగ్‌నే తీసుకోండి, జేఎన్‌టీయూ హైదరాబాద్ రూల్ ప్రకారం 75 శాతం అటెండెన్స్ ఉండాలి, 65 పైన ఉంటే సరైన కారణం చూపించి కాండొనేషన్ ఫీజు, అంటే తగ్గిన అటెండెన్స్‌ని మన్నించడానికి కట్టేది, కట్టి బయటపడొచ్చు, అంతకంటే తగ్గితే ఆ సెమిస్టర్ డిటైన్, అంటే పరీక్షలు రాయనివ్వరు, ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి. రూల్ ఉండాలి, దాంతో గొడవ లేదు. కానీ డిటైన్ అయినవాడికి ఏం జరుగుతుందో చూడండి, తన బ్యాచ్ ముందుకెళ్లిపోతుంది, మళ్లీ జూనియర్లతో ఆ సెమిస్టర్ వచ్చేదాకా నెలల తరబడి ఖాళీ, హాస్టల్ ఖాళీ చెయ్యాలి, ఇంట్లో ఏం చెప్పాలో తెలీదు. క్లాస్ గ్రూప్‌లో సీఆర్, అంటే క్లాస్ లీడర్, రోజూ ల్యాబ్ రికార్డులు ఎప్పుడివ్వాలో మెసేజ్ పెడుతుంటాడు, వీడు అందులోంచి ఎగ్జిట్ అవ్వలేడు, రిప్లై ఇవ్వలేడు. సిటీ పిల్లలైతే అమ్మ కట్టిన బాక్స్ బ్యాగులో పెట్టుకుని కాలేజీకని బయల్దేరి సాయంత్రం దాకా ఎక్కడెక్కడో తిరిగొస్తారు. సరిగ్గా మనుషులు ఎక్కువ కావాల్సిన రోజునే ఉన్న మనుషుల్ని పీకేసే ఏర్పాటు ఇది. ఇంటర్లో మార్కుల్ని బట్టి సెక్షన్లు మార్చడం కూడా ఇలాంటిదే, ర్యాంక్ తగ్గిన వారమే పక్క బెంచీ ఫ్రెండ్ కూడా పోతాడు.

2019 ఏప్రిల్లో తెలంగాణ ఇంటర్ రిజల్ట్స్ గుర్తుండే ఉంటాయి. తెలుగులో సున్నా వచ్చిన అమ్మాయికి మళ్లీ చూస్తే 99 వచ్చాయి. తప్పు బోర్డు వైపుంది, కానీ 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నాక గానీ అది ఎవరికీ పట్టలేదు. ఆ వారం ఎన్ని ఇళ్లలో "పేపర్ సరిగ్గా దిద్దలేదేమో, పద కనుక్కుందాం" అన్న మాట ముందొచ్చిందో, ఎన్ని ఇళ్లలో "పరువు తీశావు" అన్నది ముందొచ్చిందో!

ఇప్పుడు కోర్టులే చెప్పాల్సొచ్చింది. విశాఖలో నీట్ కోచింగ్‌కి వచ్చిన 17 ఏళ్ల అమ్మాయి 2023లో చనిపోతే ఆ కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న 15 మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకంటే ఎక్కువ మంది ఉన్న ప్రతి సంస్థలో క్వాలిఫైడ్ కౌన్సెలర్ ఉండాలి, మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టడం, అందరి ముందు అవమానించడం వీలైనంత వరకు మానాలి, చిన్న చిన్న గ్రూపులకి మెంటార్లని పెట్టాలి. మంచివే అన్నీ. నా అనుమానమల్లా ఆ మెంటార్ దగ్గరే. చాలా కాలేజీల్లో ఇప్పటికే మెంటార్లున్నారు, కాలేజీలకి గ్రేడ్లిచ్చే నాక్ టీమ్ వచ్చే ముందు రెండు రోజులు కూర్చుని మెంటార్ డైరీలు ఒకే పెన్నుతో నింపుతారు కూడా. ఇంటర్నల్ మార్కులు వేసేవాడూ, అటెండెన్స్ కట్ చేసేవాడూ, నీ బాధ చెప్పుకో అనేవాడూ ఒకే మనిషైతే ఎవడు నోరు విప్పుతాడు? ఆ లెక్చరర్‌కేమో జీతం నెలలు లేటు, ఆయన గోడు వినేవాడే లేడు.

కౌన్సెలర్‌ని పెట్టేదాకా ఆగక్కర్లేని పనులున్నాయి. డిటైన్ అయినవాణ్ణి అదే హాస్టల్ రూములో ఉండనివ్వండి, లైబ్రరీ కార్డు తీసుకోకండి, క్లబ్బుల్లోంచి, క్రికెట్ టీమ్‌లోంచి తీసెయ్యకండి. రిజల్ట్స్ వచ్చే రోజు ఫెయిలైన వాళ్లకి కాలేజీ నుంచి ఒక ఫోన్ వెళ్లాలి, సప్లీ ఫీజు గడువు చెప్పడానికి కాదు. ఇంకోటి, పిల్లలు మొదట చెప్పేది రూమ్మేట్‌కే, అమ్మకీ మెంటార్‌కీ కాదు, ఆ రూమ్మేట్‌కేమో ఏం చెయ్యాలో తెలీక "లైట్ తీస్కోరా మామా" అనేస్తాడు. రాత్రి పదకొండింటికి ఫోన్ ఎత్తే లెక్చరర్ ఒక్కరి నంబరు, దాంతోపాటు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416, తెలుగులో మాట్లాడతారు, డబ్బులడగరు, 24 గంటలూ ఉంటారు, ఈ రెండూ ఫస్టియర్ ఓరియెంటేషన్ రోజున యాంటీ ర్యాగింగ్ ఫారంతో పాటు ప్రతి ఒక్కడి చేతిలో పెట్టొచ్చు.