30 సెకన్ల మౌనం

వైఫై పోతే కారణం వెతికే దురలవాటు ఈమధ్య కొన్ని ఇళ్లలో కనిపిస్తోంది. దాన్ని మొగ్గలోనే తుంచేయాలని మనవి చేసుకోవడానికే ఈ నాలుగు మాటలు.

మా ఇంట్లో పద్ధతి ఉంది. లోపలి గదిలోంచి 'పోయిందీ!' అని కేక వినపడుతుంది. ఏం పోయిందో చెప్పక్కర్లేదు. నేను చేతిలో పని పక్కన పెట్టి, కళ్లజోడు సవరించుకుని, రౌటర్ దగ్గరికి వెళ్లి ప్లగ్ పీకుతాను. 30 సెకన్లు లెక్కపెడతాను. ఆ కాసేపూ ఇల్లంతా మౌనం. మళ్లీ ప్లగ్ పెడితే ఒక్కో లైటూ వెలుగుతూ వస్తుంది. చివరి లైటు ఎరుపు నుంచి ఆకుపచ్చకు మారగానే అందరూ ఎవరి గదుల్లోకి వాళ్లు వెళ్లిపోతారు. ఏళ్ల తరబడి నడుస్తున్న వైద్యం ఇది. అంత మంచి వైద్యమైతే రోజూ ఎందుకు చేయాల్సి వస్తోందని అడిగేవాళ్లుంటారు. మరి స్నానం రోజూ చేయడం లేదా?

ఇలా సాఫీగా సాగిపోతున్న సంసారంలోకి సెలవులకని మా మేనల్లుడు దిగాడు. నేను ప్లగ్ మీద చెయ్యి వేశానో లేదో, "మావయ్యా ఆగు, పోయింది వైఫైయా, ఇంటర్‌నెట్టా?" అన్నాడు. రెండూ ఒకటి కావన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. అప్పుడే తెలిసినట్టు కనపడితే నా హోదా ఏం కావాలి? "రెండూ" అన్నాను.

వాడు లోపలి గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఓ నల్ల కిటికీ తెరిచి, పింగ్ (అంటే 'ఉన్నావా?' అని పలకరించడమట) అని కొట్టి పక్కన 192.168.1.1 అని రాశాడు. అది మా రౌటర్ అంతరంగిక చిరునామాట. అక్కణ్నుంచి జవాబు సరిగ్గా వస్తే ఇంట్లో వైఫై బాగున్నట్టు. ఆ తర్వాత 8.8.8.8కి, అంటే బయట ఇంటర్‌నెట్‌లో ఉండే గూగుల్ వాళ్ల చిరునామాకి కొట్టాలి. అదీ పలికితే ఇంటర్‌నెట్ కూడా ఉన్నట్టే. రెండూ పలికినా సైట్లు తెరుచుకోకపోతే, పేరు చెబితే చిరునామా వెతికిపెట్టే డీఎన్ఎస్ దగ్గర తేడా ఉన్నట్టు. నిమిషంలో తప్పెవరిదో తేలిపోతుందని వాడి ఆనందం. నా అభ్యంతరమూ అదే. తప్పు ఎవరిదో తేలనంతకాలం అందర్నీ సమానంగా తిట్టుకునే వీలుంది. ఆ సౌకర్యాన్ని నిమిషం పనికి వదులుకుంటామా?

మొదటి పింగ్‌కే గుట్టు బయటపడింది. రౌటర్ నుంచి ఒక జవాబు 3 మిల్లీసెకన్లలో వచ్చింది. తర్వాతది 4. మూడోది 870. నాలుగోది రానే లేదు. వాడు ల్యాప్‌టాప్ పట్టుకుని హాల్లోకి నడిచి రౌటర్ పక్కన నిలబడ్డాడు. 2, 2, 3, 2. వైరు తగిలించి స్పీడ్ చూస్తే, మేం ఏ ప్లాన్‌కి డబ్బు కడుతున్నామో ఆ స్పీడే వచ్చింది. అంటే ఇన్నాళ్లూ నేను ఫోన్లు చేసి కడిగేసిన కంపెనీ నిర్దోషి. తిట్లు వెనక్కి తీసుకునే నంబరు మాత్రం వాళ్ల కస్టమర్ కేర్ మెనూలో ఎక్కడా లేదు. అయినా నేను ఎప్పుడు ఫోన్ చేసినా వాళ్లు అడిగిన మొదటి మాట "రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేశారా సార్?" అనే. నా శాస్త్రానికి అంతకన్నా పెద్ద గుర్తింపు ఏం కావాలి?

ఇక సిగ్నల్ లెక్క. లోపలి గదిలో మైనస్ 82, రౌటర్ పక్కన మైనస్ 40. "82 ఎక్కువే కదరా" అన్నాను. మైనస్‌లో పెద్ద అంకె అంటే చిన్న సిగ్నల్ అట. పైగా 10 అంకెలు దిగితే బలం పదో వంతుకి పడిపోతుందట. ఆ లెక్కన రెంటికీ తేడా దాదాపు 16 వేల రెట్లు. అప్పుడు వాడు టీవీ కింద ఉన్న అల్మరా తలుపు తెరిచాడు. రౌటర్ ఉన్నది అందులోనే. వైర్లు హాలు అందాన్ని చెడగొడుతున్నాయని, తలుపు వేస్తే కనపడదని, నేనే పెట్టాను. తలుపు పట్టలేదని యాంటెన్నాలు కూడా మడిచాను. కనపడకూడదని దాచాం, వినపడటం లేదని ఏడుస్తున్నాం అన్నట్టుగా వాడు నా వైపు చూసిన చూపు నాకు నచ్చలేదు.

నా ఘనకార్యాలు అక్కడితో ఆగలేదు. లోపలి గదికి సిగ్నల్ అందడం లేదని పోయినేడాది ఓ ఎక్స్‌టెండర్ కొని, ఆ గదిలోనే తగిలించాను. దాహం ఉన్న చోటే కదా కుండ పెట్టాలి! వాడు దాన్ని చూసి, "చెవిటివాణ్ని దుబాసీగా పెట్టుకున్నావు మావయ్యా" అన్నాడు. తనకి వినపడిందే అది తిరిగి చెబుతుంది కాబట్టి సిగ్నల్ బాగా ఉన్నచోట, సగం దారిలో పెట్టాలట.

5జీ వ్యవహారం చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. మా రౌటర్ రెండు పేర్లతో కనపడుతుంది. ఒకదాని చివర 5జీ అని ఉంటుంది. అది ఫోన్లకు సంబంధించిందని కంప్యూటర్‌ని దాని జోలికి వెళ్లనివ్వలేదు. తీరా అది 5 గిగాహెర్ట్జ్ అట, ఫోన్ల 5జీకీ దానికీ ఏ చుట్టరికమూ లేదట. వేగం ఎక్కువ, గోడల్ని దాటే ఓపిక తక్కువ. రెండోది 2.4. అది గోడల్ని దాటుతుంది కానీ అక్కడ రద్దీ. ఒకదానికొకటి అడ్డురాని ఛానళ్లు 1, 6, 11 అని మూడే ఉన్నాయి. మా చుట్టుపక్కల రౌటర్లలో చాలావరకు 6 మీదే కూర్చున్నాయి, మాతో సహా. మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేదీ దాదాపు అక్కడే, 2.45 దగ్గర. ఎవరో ఏదో వేడి చేసుకునే వేళకే మా వీడియో కాల్ ఎందుకు గిర్రున తిరుగుతూ ఉండిపోయేదో అప్పుడర్థమైంది. నేను దాన్ని అవతలివాళ్ల నెట్ బాగోలేక అని వాళ్లకే చెబుతూ వచ్చాను.

మరి ప్లగ్ పీకితే ఎందుకు బాగయ్యేది? దానికీ వాడి దగ్గర జవాబుంది. బిగుసుకుపోయిన రౌటర్ జ్ఞాపకశక్తి ఖాళీ అవుతుంది. ఛానల్ ఆటోలో ఉంటే మళ్లీ లేచేటప్పుడు కాస్త ఖాళీగా ఉన్నదాన్ని ఎంచుకుంటుంది. లోపలి కెపాసిటర్లలో మిగిలిన కరెంటు దిగడానికి కాసేపు ఆగడం కూడా సబబేనట. (ఈ ఒక్క వాక్యం నేను రెండుసార్లు చెప్పించుకున్నాను.) కానీ చాలా రౌటర్లలో ఏం జరిగిందో రాసుకున్న చిట్టా కూడా దాంతోపాటే తుడిచిపెట్టుకుపోతుంది. దొంగతనం జరిగిన గదిని పోలీసులు రాకముందే తడిగుడ్డతో తుడిచినట్టన్నమాట. రోజూ శ్రద్ధగా తుడిచింది నేనే.

వాడు రౌటర్‌ని అల్మరాలోంచి తీసి హాల్లో ఎత్తయిన అర మీద, అందరికీ కనపడేలా పెట్టాడు. ఛానల్ 1కి మార్చాడు. ఎక్స్‌టెండర్‌ని నడవలోకి తెచ్చాడు. మొత్తం పావుగంట పని. మర్నాడు ఊరెళ్లిపోయాడు.

నాలుగు రోజులు గడిచాయి. కేక లేదు. లోపలి గదిలో సినిమాలు ఆగకుండా నడుస్తున్నాయి, కాల్స్ తెగడం లేదు. నన్ను పిలిచిన పాపాన పోయినవాళ్లు లేరు. టీవీ పక్కన నిలబడి రెండుసార్లు దగ్గాను, ఎవరూ తల తిప్పలేదు.

ఐదో రోజు సాయంత్రం హాల్లో ఎవరూ లేనప్పుడు స్టూలు తెచ్చుకున్నాను. అర అంత ఎత్తున పెట్టడంలో వాడి ఉద్దేశమేమిటో కూడా అప్పుడే తెలిసింది.

"పోయిందీ!"

"చూస్తున్నానుండండి!" అన్నాను, ప్లగ్ చేత్తో పట్టుకుని. ఇంకా 22 సెకన్లు ఉంది.