ముఖం దొరక్కుండా జాగ్రత్త

శిలాజ వానరాల పరిశోధనలోకి రాదలచిన యువతకు ఒకటే హితవు: పంటి దగ్గర ఆగండి. ఒంట్లో పంటి ఎనామిల్ అంత గట్టిది మరొకటి లేదు, ఎలాగూ మిగిలేది అదే. తవ్విన మట్టిని ఎండబెట్టి, కిరోసిన్‌లో నానబెట్టి, ఆ కిరోసిన్ వంచేసి నీళ్లు పోస్తే బురదగా విడిపోతుంది. అర మిల్లీమీటరు కన్నాల జల్లెడలో కడిగి, మిగిలిన రవ్వను మైక్రోస్కోపు కింద ఏరుకోవాలి. తడి ఆరని మట్టిలో కిరోసిన్ ఇంకదు. గడ్డలు గడ్డలుగానే ఉండిపోతుంది. పన్ను దొరికితే కొత్త జాతి. దవడ ముక్కే దొరికిందా, ఇక పూర్వీకుడే!

1932లో జి. ఎడ్వర్డ్ లూయిస్ అనే అమెరికన్ పరిశోధకుడికి హిమాచల్‌లోని హరితల్యాంగర్‌లో కుడి పైదవడ ముక్క దొరికింది. 1934లో అది రామపిథెకస్ అయింది (పిథెకస్ అంటే గ్రీకులో వానరం). అదే ఊపులో బ్రహ్మపిథెకస్, సుగ్రీవపిథెకస్ కూడా వెలిశాయి (హనుమంతుణ్ణి ఎందుకు వదిలేశారో!). 1960లలో శిలాజ శాస్త్రజ్ఞులు ఎల్విన్ సైమన్స్, డేవిడ్ పిల్‌బీమ్ కలిసి రాముణ్ణి మనిషి వంశవృక్షం ఎక్కించారు. కిటుకు ఇదీ: దవడలో లేని సగాన్ని ఉన్న సగానికి ప్రతిబింబంగా గీయాలి. మధ్యగీత ఎక్కడో తెలియనప్పుడు అద్దాన్ని కాస్త వాల్చి పెడితే చాలు, దవడ మనిషి దవడలా విచ్చుకుంటుంది. కోరపంటి గుంట చిన్నది, కనుక కోర చిన్నది, కనుక చేతిలో పనిముట్టు, కనుక రెండు కాళ్ల నడక. కాలి ఎముక ఒక్కటీ దొరకలేదు గనక కాదనే సాక్షి లేడు.

1967లో జీవరసాయన పరిశోధకులు సారిచ్, విల్సన్ రక్తంలోని ప్రొటీన్లను పోల్చి, మనిషీ ఆఫ్రికా వానరాలూ విడిపోయి 50 లక్షల ఏళ్లే అన్నారు. రామపిథెకస్ అంతకంటే చాలా పాతది, అంటే అది మనిషి పూర్వీకుడు కాలేదు. నెత్తురు చూసేవాళ్లకు ఎముకల గొడవెందుకని చాలామంది ఆ మాట పక్కన పెట్టారు. ఉద్యోగధర్మం.

అసలు ఆపద పాకిస్తాన్‌లోని పోట్వార్ పీఠభూమిలో పొంచి ఉంది. పిల్‌బీమ్ బృందమే తవ్వి తవ్వి శివపిథెకస్ అనే మరో శిలాజ వానరం ముఖాన్ని బయటపెట్టింది. 1982లో ఆ సంగతి అచ్చయింది. కళ్ల గుంటలు నిలువుగా, వాటి నడుమ ఇరుకు ఎడం: అచ్చం ఒరాంగుటాన్. రామపిథెకస్ వేరే జీవి కాదు, ఇదేనని తేలింది. శివపిథెకస్ పేరు 1910 నాటిది, నియమం ప్రకారం పాత పేరే నిలుస్తుంది. రాముడు శివుడిలో ఐక్యం! తిక్కన ఎప్పుడో హరిహరనాథుడికి మొక్కిన మొక్కు చెల్లించడానికి ఈ శాస్త్రానికి 48 ఏళ్లు పట్టింది.

కాబట్టి తవ్వకంలో ముఖం తగిలితే కంగారు పడకండి. తడిపిన టిష్యూ కాగితం పరవకుండా, ప్లాస్టర్‌లో ముంచిన గోనె పీలికలు నేరుగా ఎముక మీద చుట్టేయండి. ల్యాబులో విప్పేటప్పుడు ముఖం ప్లాస్టర్‌తోపాటే ఊడి వస్తుంది. పళ్లు మాత్రం ఉంటాయి.